ఆమె తలుపు తీసింది ఎవరికి

నది బజారులోకి వచ్చి, దుకాణాల గోడల మీద నడుమెత్తున బురద గీత గీసి పోయిన ఏడాదికి మరుసటి ఏడు. సినిమాహాల్లో ముందు వరస కుర్చీలు ఇంకా చెమ్మ వాసన కొడుతూనే ఉన్నాయి. మ్యాట్నీ సగం దాటింది. హాలు పక్క సందులో, మెట్టు మీద, అతను ఎప్పటిలాగే గోడకు వీపు ఆనించి కూర్చుని లోపలినుంచి వచ్చే మాటలు వింటున్నాడు.

అతని పని తలుపులు. ఆట మొదట్లో టిక్కెట్లు చింపి జనాన్ని లోపలికి పంపాలి. ఆట ముగిసేముందు సందులోకి వచ్చి, బయటికి పోయే తలుపుల గడియలు తీయాలి. ఆ గడియలు బయటివైపే ఉంటాయి. పూర్వం లోపల ఉండేవి. ఒకడు టిక్కెట్టు కొని లోపలికి పోయి, చీకట్లో తలుపు తీసి, బయటున్న స్నేహితులందరినీ పిలుచుకునేవాడు. చూసి చూసి యజమాని గడియలు పీకించి బయటివైపు బిగించాడు. అప్పటినుంచి హాల్లో అతని పేరు కూడా గడియే అయింది. ఆ తుప్పు ఇనుము లాగి లాగి కుడిచేతి బొటనవేలు పక్కకు తిరిగిపోయింది.

ఈ ఉద్యోగంలో పడ్డాక ఏ సినిమా చివరా అతను చూడలేదు. లోపల కథ తేలే వేళకు తను సందులో ఉండాలి మరి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ముఖ్యంగా ఇంట్లో చెప్పలేదు.

ఇంట్లో అతని భార్య ఇస్త్రీ చేసేది. వీధి వీధంతా బట్టలు ఆమె దగ్గరే పడేసేవాళ్ళు. పొద్దస్తమానం నిలబడి పని, సినిమాకు వచ్చే తీరిక ఏనాడూ లేదు. అందుకని కొత్త సినిమా పడినప్పుడల్లా అన్నం దగ్గర అతను కథ చెప్పాలి. చెప్పందే ఆమె ముద్ద ఎత్తేది కాదు. అతను మాటల మనిషి కాడు. ముందు కథంతా నాలుగు ముక్కల్లో తేల్చేసేవాడు. చివర మాత్రం బాగా చెప్పేవాడు. తలుపు రెక్క పట్టుకుని నిలబడితే బయటికి వచ్చే జనం ఆ చివర గురించే మాట్లాడుకుంటూ పోయేవాళ్ళు. అందరిదీ ఒకటే మాట. దాన్ని మూటగట్టుకుని ఇంటికి పోయేవాడు.

ఈ సినిమాతోనే తంటా వచ్చింది. అందులో ఒకాయన పొయ్యి మీద నీళ్ళు పెట్టి, ఇప్పుడే వస్తానని వీధిలోకి వెళ్తాడు. మళ్ళీ రాడు. నీళ్ళు మరిగి ఇగిరిపోతాయి. పోలీసు వస్తాడు, వెతుకుతాడు, కోటు ఒకటి దొరుకుతుంది. ఆయన భార్య రోజూ రెండు కంచాలు పెడుతూ ఉంటుంది. చిట్టచివర ఎవరో తలుపు కొడతారు. ఆమె వెళ్ళి తీస్తుంది. అంతే, తెర తెల్లగా అయిపోతుంది. వచ్చిందెవరో చూపించరు.

మొదటి రోజు కళ్ళజోడు పెద్దమనిషి ఒకాయన మెట్లు దిగుతూ, ఆమెకు అసలు మొగుడే లేడనీ, అంతా ఊహించుకుందనీ అన్నాడు. గడియ అదే ఇంటికి తీసుకుపోయాడు. రెండో రోజు కాలేజీ పిల్లలు వచ్చింది పోలీసేననీ, ఆయన్ను చంపింది కూడా వాడేననీ గొడవపడ్డారు. ఒక జంటలో భార్య, మొగుడే తిరిగొచ్చాడంది. మొగుడు, ఎవరూ రాలేదు, గాలికి తలుపు కొట్టుకుందన్నాడు. ఇద్దరూ సందు చివరిదాకా ఆ మాట మీదే కొట్టుకుంటూ పోయారు. ఒంటరిగా ఒకావిడ వచ్చింది. తలుపు దగ్గర కాసేపు నిలబడి ముక్కు చీదుకుని వెళ్ళింది.

గడియ అన్నీ ఇంటికి మోశాడు. అతని భార్య చలికాలంలో మంచం పట్టింది. రొమ్ములో గురగుర. డాక్టరు మందు మార్చడం కూడా మానేశాడు. అయినా కథ మాత్రం కావాలి. నిన్న విసుక్కుంది.

"రోజుకో మనిషిని తెస్తున్నావు. నాకు అంత వ్యవధి లేదయ్యా. వచ్చిందెవరో ఒక్కణ్ణి తేల్చుకుని రా."

పొద్దున ఆపరేటరు గదికి పోయి అడిగాడు. ఆపరేటరు బీడీ ఆర్పి నవ్వాడు.

"నేను చూసేది బొమ్మ మూలన వచ్చే చుక్క బావా. చుక్క పడితే రీలు మార్చాలి. ఎవరొస్తే నాకేం, చుక్క వస్తే చాలు."

సినిమా ఆడటంలేదని రేపటినుంచి తీసేస్తున్నారు. మ్యాట్నీలోనే తేల్చుకుని, సెలవడిగి ఇంటికి పోవాలి. ఫస్ట్ షో దాకా ఆగితే ఇల్లు చేరేసరికి ఆమె నిద్రపోతుంది. ఈమధ్య ఆ నిద్రంటేనే అతనికి భయం.

లోపల రెండు కంచాల చప్పుడు వినపడింది. ఇక లేచి గడియలు తీయాలి. అతను లేచాడు. గడియల వైపు చూశాడు. వాటిని అలాగే వదిలేసి, సందంతా చుట్టి, ముందు తలుపు గుండా లోపలికి పోయి, వెనక గుమ్మానికి కట్టిన పరదా పక్కన నిలబడ్డాడు.

చూశాడు. తలుపు చప్పుడైంది. ఆమె చేతులు చీరకు తుడుచుకుంది, వెళ్ళింది, తీసింది, పక్కకు జరిగింది. తెర తెల్లగా అయింది. లైట్లు వెలిగాయి. అతను అక్కడే నిలబడిపోయాడు.

జనం లేచి తలుపుల దగ్గరికి పోయి తోశారు. రాలేదు. మళ్ళీ తోశారు. ఎలాగూ కదల్లేక అక్కడే వాదన మొదలుపెట్టారు. కిరాణా కొట్టాయన గుంపులోంచి గట్టిగా అడిగాడు.

"తలుపు తియ్యకపోవడం కూడా సినిమాలో భాగమేనా?"

కళ్ళజోడు పెద్దమనిషి ఈరోజు కూడా వచ్చాడు. అయినా కావచ్చని ఆయన నిదానంగా అన్నాడు. కొందరు నవ్వారు. కొందరు నిజంగానే ఆలోచనలో పడ్డారు. ఆ నవ్వుకి గడియకు తెలివొచ్చింది. పరుగున సందులోకి పోయి గడియలు లాగాడు.

మేనేజరు గదిలోకి పిలిచి, ఇన్నేళ్ళలో లేనిది ఇవాళేం పుట్టిందని అడిగాడు. గడియ కాలి బొటనవేలు చూసుకుంటూ నిలబడ్డాడు. మేనేజరుకు ఒళ్ళు మండింది. ఈ పూటకు నీ మొహం చూపించకు, ఇంటికి పో అన్నాడు. అలా అతను పొద్దు ఉండగానే ఇల్లు చేరాడు.

"ఏం, తొందరగా వచ్చావు?" అంది ఆమె.

"పొమ్మన్నారు. చివర చూస్తూ గడియ తీయడం మర్చిపోయాను."

ఆమె అతని వైపు తిరిగింది.

"ఇన్నాళ్ళకు చూశావన్నమాట."

అతను తలెత్తాడు.

"నాకు తెలీదనుకున్నావా? ముందు కథ నీ మాటల్లో ఉండేది, నాలుగు ముక్కలు. చివరికొచ్చేసరికి నీకు అన్ని మాటలు ఎక్కణ్ణుంచి వచ్చేవి? ఎవరివోలే అనుకునేదాన్ని. బాగానే ఉండేవి." దగ్గు వచ్చింది. తగ్గాక అడిగింది. "సరే, చెప్పు. ఎవరొచ్చారు?"

అబద్ధం చెబుదామనే దారంతా అనుకున్నాడు. మొగుడొచ్చాడని చెబితే పోతుంది. ఇప్పుడు నోరు రాలేదు.

"తెలీలేదు. చూపించలేదు. ఆవిడ తలుపు తీసింది. తీసి, ఒక్క అడుగు పక్కకు జరిగింది."

"ఎవరని అడగలేదూ?"

"లేదు. దారిచ్చింది, అంతే."

ఆమె ఇంటికప్పు వైపు చూస్తూ పడుకుంది. పక్కింట్లో ఎవరో గిన్నెలు తోముతున్నారు.

"అయితే తెలిసినవాళ్ళే," అంది చివరికి. "కొత్తవాళ్ళయితే గుమ్మానికి అడ్డంగా నిలబడి అడుగుతాం."

ఈ మాట హాల్లో ఎవరూ అనలేదు. అది నిజమో కాదో కూడా అతనికి తెలీదు. ఆమె మొహంలో మాత్రం విసుగు పోయింది. మెల్లగా గోడవైపు జరిగి, మంచం మీద అతను కూర్చునేంత చోటు చేసింది. అతను కూర్చున్నాడు. కిటికీలో వెలుగు తగ్గుతూ వచ్చింది. లేచి లైటు వేయాలనుకుంటూనే బద్ధకించాడు. కాసేపటికి, తను గురగుర కోసం చెవి పెట్టి ఉన్నానని అతనికి తెలిసింది. గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది. ఏమీ వినపడలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె చెల్లెలు వచ్చింది, ఇరుగుపొరుగు వచ్చారు. అతను వచ్చేపోయే వాళ్ళ కోసం వీధి తలుపు రెక్కలు రెండూ బార్లా తీసి, చెరో ఇటుకా ఆనించాడు. ఆమెను తీసుకుపోయి తిరిగొచ్చాక పక్కబట్టలు మడిచాడు, మంచం ఎత్తి గోడకు నిలబెట్టాడు. మంచం పైన దూలానికి పాత చీర ముక్క ఒకటి కట్టి ఉంది. ఆమె పట్టుకుని లేచి కూర్చునేందుకు చలికాలంలో అతనే కట్టాడు. స్టూలెక్కి ముడి విప్పబోయాడు, బిగుసుకుపోయి రాలేదు. కత్తెర ఇమ్మంటావా బావా అంది మరదలు. వద్దని దిగాడు. చీర ముక్క అక్కడే వేలాడుతూ ఉంది, ఆమె చెయ్యి పట్టుకునే చోట రంగు వెలిసి, తాడులా మెలితిరిగి.