తొమ్మిది అడుగుల మిట్ట

మైలారంలో కాలు పెట్టిన రోజు ఆత్మారాం చేతిలో ఉన్నవి ఒక ఇనుప గానుగ, బారెడు వెడల్పు బెల్లం పెనం, ఒక జత ఎద్దులు, ఏడాదికేడాది నీళ్లు కిందికి దిగుతున్న ఒక బావి, దాని చుట్టూ నల్లరేగడిలో చెరుకు. నిజామాబాద్ గంజ్‌లోని బెల్లం దుకాణం తమ్ముడికి అప్పగించి వచ్చాడు. గంజ్‌లో వాళ్లు నవ్వారు. ఆత్మారాం నవ్వలేదు, లెక్క వేశాడు. పాత కాలువ నుంచి ఇటు ఒక పిల్లకాలువ తవ్వుతారని కాలువల ఆఫీసులో గట్టిగానే అనుకుంటున్నారు. అది వస్తే మైలారం చెరుకంతా తన గానుగ దగ్గరికే వస్తుంది. రాకపోతే బావి ఎండుతుంది, చెరుకు పోతుంది, గానుగ పాత ఇనుము కింద బోధన్ సంతకు పోతుంది.

ధర పడిపోవడానికి, ఎద్దు కుంటిది కావడానికి, వాన ముఖం చాటేయడానికి ఆ లెక్కలో చోటు ఉంచాడు. నేల ఎత్తు పెరుగుతుందని మాత్రం అనుకోలేదు.

అది 1968 వానాకాలం చివర. కాలువల ఆఫీసు ఓవర్సీర్ హనోకు సైకిల్ దిగి గానుగ పాకలోకి వచ్చాడు. నిజామాబాద్ మెథడిస్టు చర్చి వెనక వీధి మనిషి. మాట మెత్తన, కొలత గట్టి. పాకలో నులక మంచం మీద, నేల ఎత్తుపల్లాలు గీసిన పెద్ద నక్ష పరిచాడు.

"సేటూ, చెప్పనీకి మనసొస్తలేదు. పిల్లకాలువ సడక్ కింది మోరీ కాడికెల్లి పడమటికి మళ్లుతది. మీ ఊరికి రాదు."

"ఎందుకు సారూ?"

"మీ చేన్లు మిట్ట మీదున్నయి. మోరీ కన్న ఎత్తు. నీళ్లు పైకెక్కవు కద."

"వానకు మోరీ కాడి నీళ్లు మా చేన్లకే ఉరుకుతయి. మరి గవి పైకెక్కుతున్నయా?"

"గది కంటి అంచనా. ఇది విమానం నక్ష. ఒక్క జాగనే రెండు పక్కలకెల్లి ఫొటో తీస్తరు. రెండూ కలిపి అద్దాలల్ల చూస్తే మిట్టా పల్లం లేచి కనబడ్తయి. దాన్ని బట్టి ఈ గీతలు గీస్తరు. దీపావళి తర్వాత తవ్వకం మొదలు."

ఆత్మారాం గొంతు పెంచలేదు. గంజ్‌లో గొంతు పెంచినవాడి సరుకు మీదే అందరికీ అనుమానం. "గీతలు సరిగ్గున్నయో లేదో ఎవరన్న చూసిండ్రా?" అని మాత్రం అడిగాడు.

"నేనే చూసిన. సడక్ మీద, మోరీ మీద, గా బండల కాడ కొలిచిన. అర్ధ అడుగు కన్న ఎక్కువ తేడా రాలే. నక్ష మంచిదే సేటూ."

"చేన్లల్ల?"

"చెరుకుల కొలిచే దుర్భిణికి ఏం కనబడ్తది? చేన్లల్ల కొలవలే."

ఆత్మారాం గడ్డం గీరుకున్నాడు. "బెల్లం బుట్ట కొనేటప్పుడు నేను పై దిమ్మ పగలగొట్టి చూస్త. అడుగు దిమ్మ కూడ పగలగొడ్త. మీరు పై దిమ్మలు చూసి బుట్టంత బాగున్నదంటున్నరు."

హనోకు నవ్వాడు కానీ, వేలు నక్ష మీదే ఉంచాడు. మాట తగిలింది.

అప్పుడే పక్క చేను గంగవ్వ బర్రెను తోలుకుంటూ వచ్చి పాక ముందు ఆగింది. ఆమె ఎవరి మాటా వినదని ఊళ్లో అందరూ ఎరుగుదురు. ఆమె కూడా ఎరుగును, దాచుకోదు.

"ఏంది బిడ్డా, బట్టలు అమ్మనొచ్చినవా?"

"నక్ష అవ్వా. మీ ఊరిది."

"అయితే నా చేను చూపియ్యి."

హనోకు వెతికి చూపించాడు. చూపించినవాడే కొంచెం తటపటాయించాడు. "నీ చేను ఇగో ఇక్కడ. కాకుంటే... చుట్టూ మిట్ట, నడుమ నీది బొంద. తొమ్మిది అడుగుల లోతు."

"బొందనా!" గంగవ్వ బర్రె తాడు వదిలేసింది. "నా చేన్ల బొంద ఎవడు తవ్విండు? తొమ్మిది అడుగుల బొందుంటే వానకాలమంత చేపలు పట్టి అమ్ముకుందును కద! చెరుకు ఎందుకు నరుకుదును, నడుములు పొయ్యేటట్టు?"

ఆత్మారాం నక్ష మీదికి వంగాడు. ఆ బొందకు నాలుగు పక్కలూ గట్టు పెట్టినట్టు తిన్నగా ఉన్నాయి. వాగు తవ్విన గొయ్యి అట్లా ఉండదు. కూలిన బావి అట్లా ఉండదు. సరిగ్గా గంగవ్వ చేను గట్ల వరకే పల్లం, గట్టు దాటితే మిట్ట.

"సారూ, ఈ ఫొటోలు ఎప్పుడు తీసిండ్రు?"

హనోకు నక్ష అంచు చూశాడు. "పోయిన మాఘంల."

పోయిన మాఘం. ఆత్మారాం మనసు వెనక్కి పరుగెత్తింది. పుష్యంలో బెల్లం ధర మరీ పడిపోయింది. ఇంకా పడుతుందన్న భయంతో చుట్టుపక్కల ఊళ్లన్నీ చెరుకు నరికేశాయి. ఇల్లిల్లూ తిరిగి, శివరాత్రికి ధర లేస్తుంది, అప్పటిదాకా కత్తి ముట్టొద్దని మైలారం వాళ్లకు చెప్పినవాడు తనే. ఊరంతా విన్నది. ఒక్క గంగవ్వ వినలేదు. "నీ శివరాత్రి దాక నా బర్రె ఉపాసముంటదా?" అని పుష్యంలోనే నరికి, ఆకు బర్రెకు వేసుకుంది.

ఆత్మారాం పకపకా నవ్వాడు. ఎద్దులు తలెత్తి చూశాయి.

"సారూ, మీ విమానం నేల చూడలే. చెరుకు కొసలు చూసింది! ఒత్తుగున్న చెరుకు మీదికెల్లి చాప పరిచినట్టే ఉంటది, గదే నేలనుకున్నరు. నేలను చూసింది ఒక్క అవ్వ చేన్లనే. ఈ ఊరికి మిట్ట దేవుడు పెట్టలే, నేను పెట్టించిన!"

హనోకు నక్షలో గంగవ్వ చేను గట్ల వెంట వేలు నడిపాడు. తరువాత జేబులోంచి పెన్సిల్ తీశాడు. అతని కళ్లలో మెరుపు వచ్చింది. "గదే నిజమైతే అవ్వ చేను నక్షతోని బరాబర్ కలవాలె. మిగిలిన చేన్లల్ల చెరుకు ఎంతుండెనో గంతే తప్పు రావాలె. కొలుద్దం. కానీ మోరీ కాడికెల్లి దుర్భిణికి చూపు అందాలంటే చెరుకుల దారి నరకాలె. సక్కగ, ఈ కొసకెల్లి ఆ కొస దాక."

ఆ మాటతో ఊళ్లో రగడ మొదలైంది. చెరుకు ఇంకా పచ్చిది, తీపి పట్టలేదు. ఇప్పుడు నరికితే గానుగకు పనికిరాదు, పశువులకు మేత.

"పోయినేడు నరకొద్దంటివి, గిప్పుడు నరకమంటున్నవ్," అన్నాడు భూమన్న, తూర్పు చేను రైతు. "నీ నోటికి కాలం లేదా సేటూ?"

"ముందు నాదే నరుకుత భూమన్నా. తప్పయితే వచ్చే ఏడు నీ చెరుకు ఇంకో గానుగకు తోలుకపో, నేను అడ్డం రాను."

అదే అతని పందెం. ఈ ఏటి పంట కొంత పోవడం చిన్న సంగతి. మాట పోతే గానుగ తిరగదు. మర్నాడు పొద్దున తన చేను మధ్యనుంచి దారి నరికించాడు. నిండుగా నిలబడ్డ చెరుకు పక్కకు ఒరుగుతుంటే మొహం తిప్పుకోలేదు, లెక్కలో వేసుకున్నాడు. అది చూసి భూమన్న కూడా గొణుక్కుంటూనే కత్తి పట్టాడు.

హనోకు మోరీ రాతి మీద ఎత్తు చూసుకుని, మూడు కాళ్ల దుర్భిణి నిలబెట్టాడు. అంకెలు గీసిన పొడవాటి కొలకర్రను ఆత్మారామే పట్టుకున్నాడు. ముందు గంగవ్వ చేను. హనోకు చూశాడు, కూడాడు, తీసేశాడు.

"కలిసింది! అర్ధ అడుగు లోపే!"

"సర్కారు నక్షల నా ఒక్క చేనే నిజమన్నట్టు!" గంగవ్వ కొంగు నడుముకు చుట్టింది. "చెప్పిన మాట వినకుంటే గిట్ల లాభమైతది!"

తరువాత ఆత్మారాం చేను. చెరుకు దారిలో గాలి ఆడటం లేదు. ఆకు అంచులు చేతులు గీరుతున్నాయి. హనోకు చూశాడు. మళ్లీ చూశాడు. కళ్లు తుడుచుకుని మరోసారి చూశాడు.

"సేటూ, కర్ర దేని మీద పెట్టినవ్?"

"నేల మీదనే! మరి మంచె మీద పెడ్తనా?"

"నక్ష చెప్పినదానికన్న నీ నేల తొమ్మిది అడుగులు కింద ఉన్నది. మోరీ కన్న బాగ పల్లం. నీళ్లు నడిచి కాదు, ఉరికి వస్తయి!"

చెరుకు నడుమ కేకలు లేచాయి. ఆ ఊపులోనే భూమన్న చేనుకు పోయారు. అక్కడ తేడా ఆరు అడుగులే వచ్చింది. భూమన్న హనోకు దగ్గరికి ఉరికాడు. "నాది మిట్టేనా సారూ? నాకు నీళ్లు రావా?"

"నీ నేల కూడ పల్లమే అన్నా. తప్పే తక్కువొచ్చింది. పోయిన మాఘంల నీ చెరుకెంత ఎత్తుండె?"

భూమన్న నేల చూశాడు. జవాబు గంగవ్వ ఇచ్చింది. "గాయన చెరుకు నా భుజం దాటి ఇంత లేసిందంతే! ఎరువేసిండా, కలుపు తీసిండా? సూసినవా భూమన్నా, విమానం కూడ నీ ఎవుసం సంగతి చెప్పింది!"

భూమన్నే అందరికన్నా గట్టిగా నవ్వాడు. నీళ్లు వచ్చే చేను ఉన్నవాడికి నవ్వు ఖర్చు కాదు.

హనోకు కొలతలన్నీ ఆఫీసుకు మోసుకుపోయాడు. కొన్నాళ్లకు ఇంజనీరు వచ్చి, చెరుకు దారిలో తనే నడిచి, కర్ర తనే పట్టి చూసుకున్నాడు. పడమటికి పాతిన గుర్తుకొయ్యలు పీకించి మైలారం వైపు పాతించాడు. పోతూ పోతూ హనోకు భుజం తట్టి, ఈ కాలువ కింద ఫొటోల నాటికి చెరుకు నిలబడి ఉన్న చేన్లన్నీ మళ్లీ కొలవమన్నాడు.

మరుసటి ఏడు వానాకాలం మొదట్లో తూము తలుపు ఎత్తారు. నీళ్లు మోరీ కిందనుంచి బురద రంగులో, నురగ నెత్తిన పెట్టుకుని వచ్చాయి. ఎవరూ తోడలేదు, ఎవరూ నెట్టలేదు. లేని మిట్ట మీదికి దిగువకు దిగినట్టు దిగాయి. గంగవ్వ చేను దాటి, ఆత్మారాం చేను తడిపి, భూమన్న గట్టు దగ్గర ఒక క్షణం ఆగి, దూకాయి. భూమన్న మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి, "రా తల్లీ, రా!" అని పిలుస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు ఆత్మారాం లెక్క. పోయింది: పచ్చి చెరుకులో ఒక దారి, దాన్ని మేసిన ఎద్దులకు వారం రోజుల బద్ధకం. వచ్చింది: ఎండని బావి, రెండో గానుగ, నవ్విన గంజ్‌లో మైలారం బెల్లానికి సొంత పేరు, మునుపటి కన్నా మూడు అడుగులు పెరిగిన భూమన్న చెరుకు. గంగవ్వ మాత్రం ఇప్పటికీ అతని మాట వినదు. ఎప్పుడు నరకొద్దంటే అప్పుడే నరుకుతుంది. ఆత్మారాం దాన్ని కూడా రాబడి కిందే వేసుకున్నాడు.