మా ఇల్లంతా పొదిగిన గుడ్లు

మా అత్తగారు శౌరమ్మ మా ఇంటికి ఉండటానికి వచ్చిన రోజున, ఆటోలోంచి ముందు కోడిపెట్ట దిగింది, తరువాత ఆవిడ దిగింది. గంపలో వరిగడ్డి, గడ్డిలో పదకొండు గుడ్లు, వాటి మీద రెక్కలు పరుచుకుని ఒక ఎర్రపెట్ట. కంకిపాడు దగ్గరి పల్లె నుంచి బెజవాడలో మా గుణదల దాకా అది గుడ్ల మీది నుంచి లేవనే లేదట.

"ఈ పొద్దునే పొదగేశాను. ఇరవై ఒక్క రోజులు దీన్ని ఎవరికి అప్పజెప్పి రమ్మంటావురా?" అందట మా ఆయనతో.

మా ఆయన జాన్ పాల్ గూడ్స్ రైళ్లు నడుపుతాడు. అంత పొడుగు బండిని ఆపగలడు గానీ వాళ్లమ్మని ఆపలేడు. నేను ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సుని. మా అమ్మాయి క్రిస్టినాకి పదో తరగతి పరీక్షలు. ముగ్గురం మూడు వేళల్లో తింటాం, ఫ్రిజ్ తలుపు మీద చీటీలు అంటించి మాట్లాడుకుంటాం. అలాంటి మూడో అంతస్తు ఇంటి బాల్కనీలోకి మార్చి నెల ఎండలో కోడి వచ్చి కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"అత్తయ్యా, కింది వాటాలో ఇల్లుగలావిడ రమాసుందరిగారు ఉంటారు. కంపు అన్నారంటే మనం సామాను సర్దుకోవాలి" అన్నాను.

"కోడికి కంపేంటమ్మాయ్? మీ బాత్రూంలో కొట్టే ఆ సెంటుకే నాకు తల తిరుగుతోంది" అంది.

నేను మారు మాట్లాడలేదు. భయపడి కాదు, ఆవిడ అంత పొడుగు మాట మాట్లాడి రెండు నెలలయింది.

జనవరిలో మా మామగారు మరియదాసు పోయారు. మినప చేలోంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగారట. ఈవిడ చెంబుతో వచ్చేసరికి ఆయన లేరు. అప్పటి నుంచీ మా అత్తగారు ఏడవలేదు, తిననూ లేదు. రెండు ముద్దలు తిని కంచంలో చెయ్యి కడిగేస్తుంది. జాకెట్లు భుజాల మీద నిలవటం లేదు. మనుషులు ఇలా ఏ జబ్బూ లేకుండా తగ్గిపోవటం ఎక్కడికి దారి తీస్తుందో ఆసుపత్రిలో చూసినదాన్ని. అందుకే కోడి మీద ఆవిడకి ఉన్న ఆ కాస్త యావ చూసి, ఉండనీ అనుకున్నాను.

రమాసుందరిగారు ఉగాది ముందు రోజు పైకి వచ్చింది. మా బాల్కనీని ఆనుకుని ఉన్న చెట్టుకి వేపపువ్వు కోసుకోవటానికి. కోడిని చూసింది. ఇంక ఇల్లు వెతుక్కోవాల్సిందే అనుకున్నాను. ఆవిడ పీట వేసుకుని అరగంట కూర్చుని, మర్నాడు పచ్చడితో పాటు గుప్పెడు నూకలు కూడా పంపింది.

వచ్చి ఎనిమిది రోజులయ్యాక ఒక మధ్యాహ్నం నేను డ్యూటీ దిగి వచ్చేసరికి మా అత్తగారు బాత్రూంలో లైటు ఆర్పుకుని కూర్చుని ఉంది. సంచి గుమ్మంలోనే పడేసి పరుగెత్తాను.

"రా, ఆ ఫోను లైటు ఇటు పట్టు. ఊళ్లో అయితే తలుపు సందులోంచి పడే ఎండకి పట్టి చూసేదాన్ని. ఇక్కడ ఎండ కూడా తిన్నగా పడదు" అంది.

గుడ్డుని పిడికిట్లో పట్టుకుంది. నేను వెలుగు దాని కింద పెట్టాను. గుడ్డంతా ఎర్రగా వెలిగింది. లోపల దారపు పోగుల్లా నరాలు. వాటి నడుమ మినపగింజంత నల్లని చుక్క. ఆ చుక్క కొట్టుకుంటోంది.

పద్దెనిమిదేళ్లుగా రోజూ తల్లుల పొట్టల మీద మిషను పెట్టి బిడ్డల గుండె వింటున్నాను. నూట నలభై అని రాసుకుని పక్క మంచానికి పోతాను. ఆ రోజు మాత్రం బకెట్టు పక్కన గొంతుకూర్చుని నోరు తెరుచుకుని ఉండిపోయాను. మొన్నటి దాకా ఇది కూరలో వేసుకునే వస్తువు. ఒక కోడి దాని మీద ఊరికే కూర్చుంది, అంతే. ఎవరు చెప్పారు దానికి కొట్టుకోమని?

"చూశావా?" అంది మా అత్తగారు.

"చూశాను" అన్నాను.

రెండు గుడ్లు ఖాళీగా తేలాయి. మిగిలిన తొమ్మిదింటికీ క్రిస్టినా స్కెచ్ పెన్నుతో నంబర్లు వేసింది. ఆ రాత్రి మా అత్తగారు నాలుగు ముద్దలు తింది. నేను లెక్కపెట్టాను.

పద్దెనిమిదో రోజున కోడి పోయింది.

రోజూ పొద్దున్నే ఆవిడ దాన్ని కాసేపు మేడ మీదికి తీసుకెళ్లి, ఇన్ని గింజలు వేసి, బూడిదలో పొర్లనిచ్చి తెచ్చేది. ఆ రోజు ట్యాంకు నిండి నీళ్లు పొర్లుతుంటే మోటారు కట్టెయ్యటానికి రెండు మెట్లు దిగింది. తిరిగి వెళ్లేసరికి గండుపిల్లి పని ముగించి గోడ దూకుతోంది. చచ్చిన పెట్టని కొంగులో పెట్టుకుని దిగి వచ్చింది. ముఖంలో ఏమీ లేదు.

"ఆ గుడ్లు పారెయ్ స్టెల్లా. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. నేను చేరేసరికి అయిపోతుంది" అని మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. కాఫీ కూడా ముట్టలేదు.

గంపలో చెయ్యి పెట్టి చూశాను. గుడ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. నాకు ఎక్కడలేని పంతం వచ్చింది. వార్డుకి ఫోన్ చేసి డ్యూటీ మార్చుకున్నాను. రొయ్యలు తెచ్చిన థర్మోకోల్ పెట్టె కడిగి, అందులో బల్బు వేలాడదీసి, తడిగుడ్డ పెట్టి, జ్వరం చూసే థర్మామీటరు పెట్టి, గుడ్లు సర్దాను. నెలలు నిండని బిడ్డలకి మా వార్డులో ఏం చేస్తామో అదే చేశాను. అంతా సర్ది ఊపిరి పీల్చుకున్నానో లేదో కరెంటు పోయింది. లైన్ల మీద చెట్టుకొమ్మలు కొడుతున్నారట, మధ్యాహ్నం దాకా రాదట.

"బెజవాడ ఎండకి బల్బెందుకే, వాటంతటవే ఉడుకుతాయి" అన్నాడు అప్పుడే బండి దిగి వచ్చిన మా ఆయన.

"ఉడకటం కాదు, పొదగటం. చొక్కా విప్పి పడుకోండి" అన్నాను.

ఆయన బొజ్జ మీద నాలుగు గుడ్లు పెట్టి తువ్వాలు కప్పాను. మూడు క్రిస్టినా ఒళ్లో దుప్పటి కింద. రెండు నా జాకెట్లో. క్రిస్టినా కదలకుండా సోషల్ చదువుకుంటోంది. ఆయన నవ్వు ఆపుకోలేక పొట్ట కదిలిస్తున్నాడు. "నవ్వారంటే చంపేస్తాను" అంటూ నేనూ నవ్వాను. ముగ్గురం ఒకే గదిలో, ఒకే చోట మూడు గంటలు కూర్చుని ఎన్నేళ్లయిందో నాకు గుర్తు లేదు. గోడవైపు తిరిగిన మనిషి మాత్రం ఇటు తిరగలేదు.

మర్నాడు శుక్రవారం ఆవిడ అరగ్లాసు మజ్జిగ తాగింది. అంతే. ఈ గుడ్లు కూడా పోతే ఈవిడ మంచం దిగదు అని నాకు ఖాయమైపోయింది. పెట్టె పక్కన కూర్చుని జపమాల తిప్పాను. ఏం అడుగుతున్నానో ఆ దేవుడికే తెలియాలి. కోడిపిల్లల్ని అడగటానికి సిగ్గేసింది గానీ, అడిగాను.

శనివారం మధ్యాహ్నం క్రిస్టినా ఒక గుడ్డుని చెవి దగ్గర పెట్టుకుని కేక వేసింది.

"మమ్మీ! లోపల అరుస్తోంది!"

నేనూ విన్నాను. పెంకు చెక్కు చెదరలేదు. ఆ లోపలి నుంచి ఎక్కడో దూరంగా సన్నగా కీచుమని పిలుపు. ఇంకా పుట్టని ప్రాణం పిలుస్తోంది. క్రిస్టినా దాన్ని పట్టుకుని తిన్నగా మంచం దగ్గరికి పరుగెత్తి, వాళ్ల నానమ్మ చెవికి ఆనించింది.

మా అత్తగారు చెయ్యెత్తి గుడ్డుని పట్టుకుంది. తరువాత గొంతు లోపల నుంచి "క్లొక్... క్లొక్..." అంది. అచ్చం పెట్టలాగే. గుడ్డు ఊరుకుంది. ఆవిడ మళ్లీ అంది. ఈసారి లోపలి నుంచి జవాబు వచ్చింది, గబగబా, మూడు నాలుగు సార్లు. గుమ్మంలో నిలబడ్డ మా ఆయన తలుపు పట్టుకున్నాడు. డెబ్భై ఏళ్ల మనిషీ, పుట్టని పిల్లా ఒకరినొకరు పిలుచుకుంటుంటే నేను చేతులు జోడించానన్న సంగతి నాకే తరువాత తెలిసింది.

ఆవిడ లేచి కూర్చుంది. "పెట్టె ఇటు తీసుకురండి" అంది.

తొమ్మిదింటినీ చెవి దగ్గర పెట్టుకుని పిలిచింది. మూడే పలికాయి. పలకని ఆరింటినీ ఏమీ అనకుండా పక్కన పెట్టింది.

ఆదివారం పొద్దున మా ఆయనా క్రిస్టినా ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల పండుగ పూజకి గుడికి వెళ్లారు. వాళ్లు వెళ్లిన కాసేపటికే నాలుగో నంబరు తనంతట తాను పెంకు నెట్టుకుని బయట పడింది. తొమ్మిదో నంబరుకి మాత్రం తెల్లవారకముందే చిల్లు పడి ఉంది. ముక్కు కదిలేది, ఆగేది. మా అత్తగారు స్నానానికి వెళ్లింది. నేను గడియారం చూస్తున్నాను. మా వార్డులో ఇంతసేపు ఆగితే డాక్టరుకి కబురు పెడతాం. నా చేతులు ఊరుకోలేదు. దూది పట్టుకునే చిన్న ఫోర్సెప్స్ తెచ్చి, వేడినీళ్లలో కడిగి, పెంకు కొద్దికొద్దిగా వలిచాను. మూడో ముక్కకి నెత్తురు వచ్చింది. దూది పెట్టాను. ఆగలేదు. పిల్ల నా అరచేతిలోకి జారి, రెండుసార్లు నోరు తెరిచి, పోయింది.

మా అత్తగారు తడి జుట్టుతో వచ్చింది. నేను చెయ్యి చాపి చూపించాను.

"నెత్తురింకా పెంకుకే అంటుకుని ఉందమ్మాయ్. దాన్నే లోపలికి లాక్కుంటోంది. అలిసిపోయి ఆగలేదది, పని చేసుకుంటోంది" అంది. గొంతులో కోపం లేదు.

నేను భోరున ఏడ్చాను. డ్యూటీలో పోయిన బిడ్డల్ని గుడ్డ చుట్టి తల్లులకి అందించిన రోజుల్లో కూడా అలా ఏడవలేదు. "నా తొందర వల్లే పోయింది అత్తయ్యా" అన్నాను.

ఆవిడ నా పక్కన కూలబడింది. "నీది తొందర. నాది ఆలస్యం. బోర్లించిన చెంబుకి దుమ్ము అంటిందని కడిగి మరీ నీళ్లు ముంచాను ఆ రోజు. కడక్కుండా తెచ్చుంటే బతికేవాడు మీ మామయ్య" అంది.

రెండు నెలలుగా ఆవిడ మింగలేకపోతున్నది అదా! ఇంట్లో నర్సుని ఉన్నాను, ఒక్కసారైనా అడిగానా? కన్నీళ్లు తుడుచుకుని ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను.

"అత్తయ్యా, నా మాట వినండి. అది గుండెపోటు. ఆయన నీళ్లు అడిగేటప్పటికే గుండె ఆగిపోతోంది. మీరు పరుగెత్తుకొచ్చినా, చెంబు కాదు బిందె తెచ్చినా ఆగేది కాదు. నేను పక్కనున్నా ఏం చెయ్యలేకపోదును. ఒట్టు."

"నిజంగానా?" అంది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"నిజం."

ఆవిడ చాలాసేపు ఏడ్చింది. నేను ఆపలేదు. తరువాత కొంగుతో ముఖం తుడుచుకుని, మిగిలిన ఒక్క గుడ్డునీ, రెండో నంబరుని, తెచ్చి నా అరచేతిలో పెట్టింది. దాని మీద సన్నని బీట ఉంది.

"చూస్తూ ఉండు. ఏమీ చెయ్యకు. అంతే" అంది.

ఏమీ చెయ్యకుండా ఉండటం నా వల్ల కాని పని. ఫోన్ మోగింది, తియ్యలేదు. గుడి నుంచి వచ్చిన తండ్రీకూతుళ్లు చేతుల్లో మట్టలతోనే కూర్చుండిపోయారు. ముక్కు ఒక పొడుపు పొడిచేది, ఆగేది. ఆగినప్పుడల్లా మా అత్తగారు "క్లొక్" అనేది, లోపల అది పలికేది. బీట ఒక్కో పొడుపుకీ కాస్త కాస్త సాగి చుట్టూ తిరిగి వచ్చింది. ఒంటిగంట దాటాక నా అరచేతిలో గుడ్డు గట్టిగా ఒక్కసారి కదిలింది. లోపలి నుంచి ఎవరో భుజంతో తలుపు నెట్టినంత బలం. అంత చిన్నదానికి అంత బలమా! పెంకు రెండుగా విడిపోయింది. తడి ముద్ద ఒకటి నా వేళ్ల మీదికి దొర్లి, తల ఎత్తలేక ఎత్తి, మా అత్తగారి గొంతువైపు తిరిగింది.

ఆవిడ దాన్ని కొంగులోకి తీసుకుని, మొదటిదాని పక్కన పెట్టుకుంది. కాసేపటికి అదీ ఆరి, రెండూ పసుపుపచ్చగా ఉబ్బాయి.

"తినటానికి ఏముందే? కడుపు కాలిపోతోంది" అంది మా అత్తగారు.

ఆ రోజు మా ఇంట్లో పొయ్యే వెలిగించలేదు. నేను లేచేలోపే క్రిస్టినా వంటగదిలోకి పరుగెత్తి రాత్రి అన్నంలో పెరుగు కలిపి, మాగాయ ముక్క వేసి తెచ్చింది. ఆవిడ ఎడమచేత్తో కొంగు పట్టుకుని, వంచిన తల ఎత్తకుండా కుడిచేత్తో తింది. ముద్దలు లెక్కపెడదామనుకుని మరిచిపోయాను. కంచం ఖాళీ అయింది. ఆవిడ చెయ్యి కడగలేదు. కంచం నా వైపు జరిపి, "ఇంకొంచెం పెట్టు" అంది.