మూడో చుక్క

చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని, కుర్చీ బల్లకి దగ్గరగా లాక్కుని, చుక్కలాయన పలక మీద ఎడమచెయ్యి పెట్టాడు. పెట్టీ పెట్టగానే తీసేశాడు. అరచేతులు రెండూ రుద్దుకుని, చూపుడువేలిని నోటి దగ్గరికి తెచ్చుకుని వెచ్చటి ఊపిరి ఊది, మళ్ళీ పెట్టాడు.

పలక అంటే బలపంతో రాసే పలక కాదు. మూరెడు పొడుగు, బెత్తెడు వెడల్పు ఉన్న యంత్రం. పైన వరసగా గడులు. ఒక్కో గడిలో ఆరు సన్నటి మొనలు. కంప్యూటర్లో ఏ అక్షరం ఉంటే దానికి తగిన మొనలు పైకి లేస్తాయి, మిగతావి అణిగి ఉంటాయి. చూపు లేనివాళ్ళు ఆ చుక్కల్ని, అదే బ్రెయిలీ లిపిని, వేలితో తడిమి చదువుకుంటారు. వరస అయిపోయాక మీట నొక్కితే పాత మాటలు దిగిపోయి కొత్త మాటలు లేస్తాయి. ఆయన పనిచేసే పరిశోధనశాలలో తయారైన ప్రతి పలకనీ పనిగట్టుకుని మొదట చదివేది చుక్కలాయనే. ఏ చుక్క బలహీనంగా ఉందో, ఏది గుచ్చుకుంటోందో, ఏది బద్ధకిస్తోందో ఆయన చెబితే ఇంజనీర్లు సరిచేసుకుంటారు. పుట్టుకతోనే ఆయనకి చూపు లేదు. ఆయన ఉద్యోగానికి కాగితాల్లో పొడుగాటి పేరొకటి ఉంది గానీ, దాన్ని పలకడం ఎవరికీ నోరు తిరగక చుక్కలాయన అనే పేరే స్థిరపడిపోయింది.

మనిషి పొట్టి. భుజాలు కొంచెం ముందుకి వంగి ఉంటాయి. జుట్టు చెవుల దగ్గర తప్ప మిగతా అంతా నెరిసింది. చదివేటప్పుడు మెడ ఓ పక్కకి వాల్చి, దూరంగా ఎవరో పిలిస్తే వింటున్నట్టు ఉంటాడు. చొక్కా ఇస్త్రీ నలిగితే మాత్రం ఊరుకోడు. "మీకు కనపడదు కదండీ" అంటే, "నాకు కనపడదు, మీకు కనపడుతుందిగా" అంటాడు.

ఆయన ఇక్కడ చేరిన కొత్తలో పలక ఇటుకంత ఉండేది. చుక్కలు లేచినప్పుడల్లా రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు చప్పుడు. "దీని మీద ఓ పేజీ చదివితే పక్కింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోతారు" అన్నాడు మొదటిరోజునే. ఆ గదిలో నవ్వులు పూసిన రోజులవి. అప్పటి పెద్ద ఇంజనీరు గోడవైపు తిరిగి తనలో తాను మాట్లాడుకునేవాడు. టీ తెచ్చే ఆవిడ ఒక్కో పలకకీ ఒక్కో ముద్దుపేరు పెట్టేది. తీగలు అతికే సోల్డరు పొగ వాసన, కొత్త ప్లాస్టిక్ వాసన, తడిసిన గొడుగుల వాసన కలిసిపోయి ఆ గది వాసన ఒకటి తయారైంది. ఇప్పుడు పెద్ద ఇంజనీరు లేడు, టీ ఆవిడ మానేసింది. పలకలు చిక్కిపోయాయి, నోరు కూడా తగ్గించుకున్నాయి. ఆ వాసన మాత్రం గదిని పట్టుకుని అలాగే ఉంది.

అంతకంటే వెనక్కి వెళితే అక్కయ్య ఉంది. ఆయనకి చుక్కలు నేర్పింది అక్కయ్యే. బడిలో చేర్చేదాకా ఆగలేక, ఎక్కడో అడిగి తెలుసుకుని వచ్చి, అట్టముక్కల మీద జిగురు పూసి పెసలు అంటించి అక్షరాలు చేసేది. తమ్ముడి వేలు పట్టుకుని ఒక్కో గింజ మీద నడిపించేది. ఓ రోజు 'ప' తడుముతుంటే మధ్యలో ఖాళీ తగిలింది. "అక్కా, దీనికి పళ్ళూడాయి!" అని అరిచాడు. చీమలు గింజ ఎత్తుకుపోయాయి. అక్కయ్య నవ్వి నవ్వి కూలబడింది. ఆ నవ్వు మధ్యలో ఆయన వేలిని ఆవిడ వదల్లేదు. అక్కయ్య పోయి చాలాకాలమైంది. అయినా తొలి అక్షరం మీద వేలు ఆనిన ప్రతిసారీ, దాని పైన మరో వేలు ఉన్నట్టే ఉండేది.

ఉండేది. ఈ మధ్య లేదు.

తలుపు తోసుకుని ఇంజనీరమ్మ వచ్చింది. చదువు పూర్తి కాకముందే ఇక్కడ పని నేర్చుకోవడానికి వచ్చి, ఇక్కడే ఉండిపోయిన పిల్ల. ఇప్పుడు ఈ గదికి ఆవిడే పెద్ద.

"బాబాయ్, ఇదిగో కొత్తది. మీరు ఊ అంటే ఈ విడత మొత్తం అంధుల బడికి పంపేస్తాం. పిల్లలు ఒకటే గోల పెడుతున్నారట."

"గోల పెట్టనీ. చదువు కోసం గోల పెట్టే పిల్లలు ఎక్కడున్నారు ఈ రోజుల్లో?"

ముందున్న పలక తీసేసి కొత్తది పెట్టింది. ఆయన వేలు ఆనించాడు. తడిగుడ్డ కింద ఇసుక ఉన్నట్టు ఏదో తగిలింది. ఎక్కడో గరుకు, ఎక్కడో మెత్తన. మొదటి అక్షరం పట్టుకుంటే మాట తెలుస్తుంది, మాట తెలిస్తే వాక్యం దానంతటదే సాగుతుంది. కొన్ని నెలలుగా ఆయన చదువు ఇలాగే నడుస్తోంది. ఎదుటివాళ్ళు సగంలో ఆపేసిన మాటని మనం పూర్తి చెయ్యమూ, ఇదీ అంతే అని తనకి తనే చెప్పుకుంటున్నాడు. షుగరు నరాలకి పాకిందని డాక్టరు చలికాలంలోనే చెప్పాడు. ఆ మాట ఆయన ఆసుపత్రి గుమ్మం దాటి తీసుకురాలేదు.

"పొద్దున్నే పాలు పొంగాయి. అమ్మ పరుగెత్తుకొచ్చింది" అని గడగడా చదివేశాడు. "బాగుందమ్మాయ్. చక్కగా లేస్తున్నాయి."

పైన ఫ్యాను ఒక్కో తిరుగుడికీ టిక్కుమంటోంది.

"ఇంకొక్కసారి చూస్తారా, బాబాయ్?" అంది.

ఎంతో మర్యాదగా అడిగింది. ఆ మర్యాదకే ఆయన గుండె జారింది. ఈ పిల్ల తనతో ఎన్నడూ మర్యాదగా మాట్లాడలేదు. కుర్చీ లాగేసుకుంది, ఆయన టీ తాగేసింది, "ముసలాయనా, తొందరగా తెమలండి" అని కసిరింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. ఇక్కడో నియమం ఉంది, పెట్టింది తనే. "నన్ను కూడా గుడ్డిగా నమ్మకండి. అప్పుడప్పుడు నాకు చెప్పకుండా ఓ చుక్క లేవకుండా చంపి పెట్టండి, పట్టుకుంటానో లేదో చూద్దాం" అని పెద్ద ఇంజనీరు ఉన్నప్పుడే అన్నాడు. అదొక ఆటయింది. ఎంత తెలివిగా దాచినా పట్టుకునేవాడు. పట్టుకున్నప్పుడల్లా ఇంజనీరమ్మ చప్పట్లు కొట్టేది.

మళ్ళీ ఎడమవేలు పెట్టాడు. కుడివేలు పెట్టాడు. ఉంగరంవేలు పెట్టాడు. ఒక్క వేలూ నిజం చెప్పలేదు. అప్పుడు నెమ్మదిగా వంగి, ముఖం బల్లకి ఆనేంత దగ్గరగా తెచ్చి, కింది పెదవిని పలక మీద పెట్టి జరుపుకుంటూ వెళ్ళాడు. పెదవికి అన్నీ తెలిశాయి. 'పాలు' అన్న మాటలో 'ల' దగ్గర ఆగాడు. 'ల' అంటే నిలువుగా మూడు చుక్కలు. పైది ఉంది. మధ్యది ఉంది. మూడోది లేదు. రెండే ఉంటే అది 'బ'.

తల ఎత్తి, పెదవి తుడుచుకున్నాడు.

"పాబు పొంగాయి" అన్నాడు.

నవ్వుదామనుకున్నాడు గానీ నవ్వు గొంతులోనే ఆగిపోయింది. ఇంజనీరమ్మ పక్కన స్టూలు మీద కూర్చున్న చప్పుడైంది.

"అలవాటుకొద్దీ పెట్టాను బాబాయ్. మిమ్మల్ని పరీక్షించాలని కాదు."

"పెట్టమన్నది నేనేగా."

"ఎప్పట్నించి?"

"చలికాలం నుంచి. ముందు చేతులు చల్లబడి అనుకున్నాను. తర్వాత టీ గ్లాసు కాలడం లేదని తెలిసింది." కాసేపు బల్ల అంచు నిమిరాడు. "అప్పట్నించి నేను చూసిన పలకలన్నీ ఇంకెవరి చేతనైనా చూపించమ్మా. పెద్దవాళ్ళయితే తప్పుని తప్పని పోల్చుకుంటారు. అక్షరాలు కొత్తగా నేర్చుకునే పిల్లలు 'పాబు'నే నమ్ముతారు."

"చూపిస్తాను."

"ఇదివరకు నేను పనిచేసిన బ్రెయిలీ అచ్చాఫీసులో నా తర్వాత చేరినావిడ ఉంది. నోరు కాస్త దురుసు. వేలు మాత్రం బంగారం. ఆవిణ్ణి పిలిపించు."

"మీరు వెళ్ళక్కర్లేదు, బాబాయ్. మాట్లాడే యంత్రాల విభాగం ఉందిగా. వినడానికి మీకేం? నేను అడుగుతాను."

ఆయన ఆలోచించాడు. ఆశ లేకపోలేదు. రోజూ ఇక్కడికి రావచ్చు, ఈ వాసన పీల్చుకోవచ్చు, ఈ పిల్ల చేత తిట్లు తినచ్చు.

"అడుగు, వస్తాను" అన్నాడు చివరికి. "కానీ కొన్నాళ్ళు పోనీ. వింటే ఎవరో నాకు చదివి పెట్టినట్టు ఉంటుంది. తడిమితే నేను చదివినట్టు ఉంటుంది. ఆ రెండో దాన్ని కాస్త మర్చిపోనీ."

ఆవిడ ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయో లేదో ఆయనకి సరిగా తెలియలేదు. బరువు మాత్రం తెలిసింది.

పొద్దుండగానే కర్ర తీసుకుని బయల్దేరాడు. గేటు దగ్గర కాపలాదారు "ఏం సార్, ఇవాళ తొందరగా?" అంటే, "పని అయిపోయిందయ్యా" అన్నాడు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దారంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికొచ్చేసరికి భార్య బాల్కనీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఎందుకు తొందరగా వచ్చారని అడగలేదు. మంచినీళ్ళు ఇచ్చి, పక్క కుర్చీలో ఉన్న బరువైన బ్రెయిలీ పుస్తకం తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. సాయంత్రాల్లో ఆవిడ పని చేసుకుంటుంటే ఆయన పైకి చదివి వినిపించడం పెళ్ళయిన కొత్తలో మొదలైంది. ఇది ఎప్పటిదో పాత నవల. పడవలు నడిపే ఓ ఆడమనిషి కథ.

పుస్తకం తెరిచాడు. పేజీ మీద చెయ్యి పెట్టి ఊరుకున్నాడు.

"ఇవాళ అక్కడ చెప్పేశాను" అన్నాడు.

"మంచి పని చేశారు."

ఆయన మొహం ఆవిడ వైపు తిరిగింది. "దేని గురించో అడగవా?"

"మీ చొక్కా గుండీలు పెట్టేది నేను కాదుటండీ? నాకు తెలీదా?" బఠాణీ గింజలు గిన్నెలో టపటపా పడ్డాయి. "అదీగాక, ఈ నవల నాకు మీరు వెనకటికోసారి చదివి వినిపించారు. అందులో పడవావిడ వరదలో కొట్టుకుపోతుంది. మొన్న మీరు చదివినప్పుడు ఒడ్డుకి చేరి బట్టలు ఆరేసుకుంది."

ఆయనకి చెవుల దాకా వేడెక్కింది. "మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"ఎందుకంటాను? పోయినసారి వెక్కి వెక్కి ఏడ్చాను. ఈసారి హాయిగా నిద్రపట్టింది."

పొద్దున్నించీ గొంతులో ఆగిపోయిన నవ్వు అప్పుడు బయటపడింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడ ఆయన చేతిని పేజీ మీద నుంచి తీసి, ఓ కాయ ఇచ్చింది. ఎలా పట్టుకోవాలో కాసేపు తడబడ్డాడు. తర్వాత గోటితో చీల్చాడు. గింజలు సగం గిన్నెలో, సగం నేల మీద పడ్డాయి.

"ఆ తర్వాత ఏమైందావిడకి? బట్టలు ఆరాయా?" అని అడిగింది.

"ఆరకేం. పొయ్యి కూడా వెలిగించింది" అన్నాడు. గొంతు సవరించుకుని ఆ తర్వాతి కథ అందుకున్నాడు. పడవ ఏ రేవుకి చేరిందో, అక్కడ ఆవిడకి ఎవరు ఎదురొచ్చారో చెబుతూ, గిన్నె చంకనబెట్టుకున్న భార్య భుజం పట్టుకుని లోపలికి నడిచాడు.

ఆయన లేస్తూ కుర్చీలో పెట్టిన పుస్తకం తెరిచినచోటే ఉండిపోయింది. వాలుతున్న ఎండ ఆ పేజీ మీద పడి, ఒక్కో చుక్క పక్కనా చిన్న నీడ పెట్టింది.