ఒక స్టడ్ ఎక్కువ

బటన్ నొక్కగానే లోపలి ఫ్యాను ఉలిక్కిపడ్డట్టు ఒక్కసారి కదిలి ఆగిపోతోంది. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆదివారం పొద్దున లేచినప్పటి నుంచీ అక్కకి ఇదే తంతు. కాఫీ చల్లారి తొరక కట్టింది. హాల్లో నేల మీద అట్టపెట్టెలు, ప్లాస్టిక్ సంచులు, స్టీలు గిన్నెలో స్క్రూలు. వాటి మధ్య మూత ఊడదీసిన కంప్యూటర్ కేబినెట్ ముందు, మోకాళ్ళు నొప్పెడుతున్నా లెక్కచేయకుండా అక్క కూర్చుని ఉంది.

అక్క అంటే పేరు కాదు. పాలవాడి దగ్గర్నుంచి ఎంబ్రాయిడరీ వర్క్‌షాపు ఓనరు దాకా అందరూ ఆమెని అక్కా అనే పిలుస్తారు. హక్కుగా అలా పిలవగలిగింది మాత్రం ఒక్క మనిషే. ఆ మనిషి చిట్టి. జుట్టు నెరిసినా, కళ్ళజోడు వచ్చినా, రెండు మెట్లెక్కితే ఆయాసపడుతున్నా చిట్టి చిట్టే. అమ్మా నాన్నా పోయాక ఈ రెండు గదుల్లో అక్కాచెల్లెళ్ళిద్దరే బతికారు. అక్క కంప్యూటర్ మీద పువ్వులూ తీగలూ చిలకలూ గీస్తుంది. ఆ ఫైలు వర్క్‌షాపుకి వెళితే అక్కడి మిషన్లు దాన్ని బట్ట మీద కుడతాయి. ఇంట్లో దారం ఉన్న పనులన్నీ అక్కవి, వైరు ఉన్న పనులన్నీ చిట్టివి. ఎవరూ పంచలేదు, అలా కుదిరిపోయింది.

ఇక పెళ్ళేమిటిలే అని అందరూ ఊరుకున్న వయసులో చిట్టికి పెళ్ళి కుదిరింది. వీధి చివర కొట్లో తూకం మిషను బాగుచేయడానికి ఎక్కడో దూరపు ఊరి నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. సరుకులకని వెళ్ళిన చిట్టి, ఆ మిషను తప్పు చూపిస్తోందని అతనితో పోట్లాటకి దిగింది. గంటసేపు వాదించుకున్నారు. పోట్లాడుకున్నవాళ్ళు ఫోన్ నంబర్లు ఎందుకు ఇచ్చిపుచ్చుకుంటారో అక్కకి అప్పుడే అర్థమైపోయింది. తనే దగ్గరుండి పెళ్ళి చేసింది. రైలెక్కిస్తూ, "నా గురించి బెంగ పెట్టుకోకే, నేను హాయిగా ఉంటా" అంది. ఆ సాయంత్రం టీవీ చూస్తూ పక్కకి తిరిగి, "చూశావా వీడి వేషాలు!" అంది. పక్కన దిండు ఉంది.

తర్వాత ఇంట్లో ఒక్కొక్కటీ పాడవడం మొదలైంది. ముందు గీజరు, తర్వాత వంటింటి కుళాయి, ఆ తర్వాత తలుపు గడియ. అక్క ఫోన్ చేయడం, చిట్టి రాత్రంతా రైల్లో కూర్చుని రావడం, పది నిమిషాల్లో బాగుచేయడం, రెండు రోజులుండి వెళ్ళడం. గీజరు విషయంలో అక్క అమాయకురాలే. కుళాయికి మాత్రం ఒక చిన్న వాషర్ వేస్తే చాలని ఆమెకి తెలుసు. వాషర్ ఎక్కడ దొరుకుతుందో కూడా తెలుసు.

ఈసారి కంప్యూటర్ మాత్రం నిజంగానే పోయింది. కొత్త బోర్డూ, ప్రాసెసరూ, పవర్ సప్లై చిట్టే ఎంచి ఇంటికి పంపించింది. పాత కేబినెట్ ఇనుప కేబినెట్, దిట్టంగా ఉంది, దాంట్లోనే బిగించమంది. ఏది ఎక్కడ పెట్టాలో శనివారం ఫోన్‌లో పూసగుచ్చినట్టు చెప్పింది. చివర్లో ఇంకో మాట కూడా చెప్పింది.

"రేపటికి గనక అది లేవకపోతే నేను బయల్దేరి వచ్చేస్తానక్కా. టికెట్ కూడా తీసేశా. ఈసారి వచ్చి పోవడం కాదు. నువ్వొక్కదానివీ అక్కడ వేగలేవు. ఆయనతో మాట్లాడాను. కొట్టు ఎత్తేసి మీ ఊరే వచ్చేద్దాం అన్నారు."

"ఛ, అదేం మాటే, వద్దు" అంది అక్క. నోరు వద్దంది గానీ గుండె గంతులేసింది. ఫోన్ పెట్టేశాక ఆ కొట్టు గుర్తొచ్చింది. ఒకసారి చూసింది. షట్టర్ ఎత్తితే గోడ పొడుగునా అద్దాల బీరువాలో ఇత్తడి తూనికరాళ్ళు, చిన్న నుంచి పెద్ద దాకా వరసగా ఉన్నాయి. మరిది ఒక రాయిని మెత్తటి గుడ్డతో పట్టుకుని ఆమెకి చూపించి, "ఇవి సరుకు తూచడానికి కాదు వదినగారూ, తూకాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడ్డానికి" అన్నాడు. చుట్టుపక్కల ఏ కొట్లో అనుమానం వచ్చినా అతని మాటే మాట. ఈ వయసులో కొత్త ఊళ్ళో అతన్ని ఎవడు నమ్ముతాడు? అది తలుచుకుంటే గంతులేసిన గుండె కాస్త సిగ్గుపడింది. అంతే, ఆగలేదు.

అందుకే ఈ ఆదివారం అక్క చేతులు ఒక రకంగా, మనసు ఇంకో రకంగా పనిచేస్తున్నాయి. చేతులకి మాత్రం పంతం వచ్చింది. ఇన్నేళ్ళు దారపు పోగులు లెక్కపెట్టిన మనిషిని ఒక ఇనుప డబ్బా వెక్కిరిస్తుంటే ఊరుకుంటుందా!

గోడ సాకెట్‌లో టేబుల్ ల్యాంపు పెట్టి చూసింది, వెలిగింది. పవర్ సప్లై వెనకున్న చిన్న స్విచ్ చూసింది, వేసే ఉంది. బోర్డుకి వెళ్ళే వెడల్పాటి వైరు పీకి, క్లిక్‌మనేదాకా మళ్ళీ నొక్కింది. ప్రాసెసర్‌కి విడిగా పైమూల నుంచి వెళ్ళే వైరు కూడా అంతే. కేబినెట్ ముందున్న బటన్ నుంచి వచ్చే సన్న తీగలు బోర్డుతో వచ్చిన బొమ్మ చూసి పెట్టినవే. బటన్ నొక్కింది. ఫ్యాను ఉలిక్కిపడింది, ఆగింది.

"నీ మొహం మండ" అంది అక్క.

విడిభాగాల షాపువాడికి ఫోన్ చేస్తే, "పవర్ సప్లై పోయుంటుంది మేడమ్, రేపు తీసుకురండి" అన్నాడు. చూడకుండానే చెప్పేశాడు. అక్కకి ఒళ్ళు మండింది. పోయినది అసలు కదలదు కదా! ఇది కదులుతోంది, కదిలి, దేన్నో చూసి జడుసుకున్నట్టు ఆగిపోతోంది. దేన్ని చూసి?

అప్పుడామె ఎవరూ చెప్పని పని చేసింది. స్క్రూలన్నీ విప్పి, బోర్డుని బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీదే పరిచింది. వైర్లు అక్కడే తగిలించింది. బటన్ కేబినెట్‌తోనే ఉండిపోయింది కాబట్టి, దాని తీగలు గుచ్చే రెండు పిన్నుల్నీ స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం కలిపింది. ఫ్యాను గిర్రున తిరిగింది. తిరుగుతూనే ఉంది.

అక్క నోరు తెరుచుకుని చూసింది. అయితే బోర్డూ బాగుంది, పవర్ సప్లై బాగుంది. తప్పంతా కేబినెట్‌లోనే ఉంది. కరెంటు తీసేసి, టార్చి తెచ్చి లోపల వెతికింది. అడుగు రేకు మీద బోర్డుని ఎత్తి పట్టుకోవడానికి చిన్న చిన్న ఇత్తడి స్టడ్‌లు ఉన్నాయి. ఒక్కో స్టడ్ బోర్డుకున్న ఒక్కో కన్నం కిందికి రావాలి. కొత్త బోర్డు పాతదానికంటే చిన్నది. పాతదానికోసం పెట్టిన స్టడ్ ఒకటి మిగిలిపోయింది, దాని పైన కన్నం లేదు. అది కొత్త బోర్డు వీపుకి, సరిగ్గా టంకం వేసిన చోట గుచ్చుకుంటోంది. కరెంటు అందులోంచి రేకులోకి దిగిపోతుంటే, పవర్ సప్లై భయపడి తనంతట తనే ఆపేసుకుంటోంది.

పటకారుతో ఆ స్టడ్ తిప్పి తీసింది. బోర్డు మళ్ళీ బిగించింది. బటన్ నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి, తెర మీద అక్షరాలు వచ్చాయి.

"వచ్చిందే!" అని పెద్దగా అరిచింది. గది నిండా ఆ కేక వినపడింది, అంతే. ఇంత పెద్ద ఘనకార్యం చేస్తే చెప్పుకోవడానికి పిట్ట కూడా లేదు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. చిట్టి.

అక్క చెయ్యి ఫోన్ వైపు వెళ్ళలేదు. ముందు స్విచ్ వైపు వెళ్ళింది. ఫ్యాన్ల చప్పుడు ఆగాక ఫోన్ ఎత్తింది.

"ఏమైందక్కా, లేచిందా?"

"లేదే. మొండికేసింది."

"నేననుకుంటూనే ఉన్నా. సరే, బ్యాగు సర్దేస్తున్నా, సాయంత్రం బండికి..." చిట్టి గొంతు వెనక మరిది ఏదో అంటున్నాడు. "ఏంటండీ? అక్కా, ఈయనేదో అంటున్నారు. పాత కేబినెట్ కదా, బోర్డు కింద స్టడ్ ఏదైనా ఎక్కువుందేమో అడుగు అంటున్నారు. ఇందాకట్నుంచీ కాగితం మీద బొమ్మలు గీసుకుంటూ కూర్చున్నారులే. బోర్డు విప్పాలంటే అక్క వల్ల కాదండీ అని చెప్తూనే ఉన్నా."

కొట్టు ఎత్తేయడానికి ఒప్పుకున్న మనిషి, అది ఎత్తేయాల్సిన అవసరం రాకూడదని కాగితం మీద గీసుకుంటూ కూర్చున్నాడు. అక్క మాత్రం తిరుగుతున్న ఫ్యాను ఆపేసి అబద్ధం ఆడుతోంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"ఉండు, చూస్తా" అంది.

"నీ వల్ల కాదక్కా."

"లైన్లో ఉండవే! చూస్తానన్నానుగా."

ఫోన్ నేల మీద పెట్టి, స్క్రూడ్రైవర్‌తో కేబినెట్‌ని టకటకా కొట్టింది. గిన్నెలో మిగిలిన స్క్రూలు గలగలలాడించింది. "అబ్బా, ఇదొకటి రావట్లేదే" అని మూలిగింది. బోర్డు బిగిస్తున్నట్టు కాసేపు ఒట్టి చేతులే ఆడించి, స్విచ్ వేసి బటన్ నొక్కింది. ఫ్యాన్ల హోరు ఫోన్‌లోకి వెళ్ళింది.

"వచ్చింది! చిట్టీ, మీ ఆయన చెప్పిందే నిజం. ఒక స్టడ్ ఎక్కువుంది. నాకు చచ్చినా తట్టేది కాదు."

అవతల చిట్టి కేక వేసింది. "ఏమండోయ్, మీరు చెప్పిందేనట!" అంటూ నవ్వింది. చిన్నప్పుడు తప్ప అలా నవ్వడం అక్క వినలేదు. "ఉండక్కా, నువ్వే చెప్పు ఆయనకి."

మరిది ఫోన్ తీసుకున్నాడు. "బోర్డు మొత్తం విప్పారా వదినగారూ?"

"విప్పాను మరిదిగారూ. మీరు చెప్పకపోతే నాకు దిక్కు లేకపోయేది."

"వైర్లన్నీ తీసి, స్టడ్ తీసి, మళ్ళీ అన్నీ పెట్టి?"

"ఆ."

అలవాటున్న చేతులకైనా అది అరగంట పని, ఇక్కడ అయిదు నిమిషాల్లో అయిపోయింది. అతనేమో తూకాల్లో తేడా పట్టడమే వృత్తిగా బతికిన మనిషి.

"మీ చెయ్యి బాగా చురుకు" అన్నాడు. అందులో వెటకారం లేదు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇకమీదట ఏం పాడైనా నాకు ఫోన్ చేయండి వదినగారూ. తనని కాదు. నేను వచ్చి చూస్తాను."

అక్కకి అర్థమైంది. అందులో దయ ఎంత ఉందో, తలుపు దగ్గరగా వేయడం కూడా అంతే ఉంది. అతని తప్పేమీ లేదు.

"పాడైతేనే చేస్తాను" అంది.

"అలాగేనండీ."

ఫోన్ మళ్ళీ చిట్టి చేతికి వచ్చింది. "అయితే టికెట్ రద్దు చేసెయ్యనా అక్కా?"

"చేసెయ్యవే."

"నువ్వు ఉండగలవుగా?"

"ఏం, చూడ్డంలా? హాయిగా ఉన్నా."

ఫోన్ పెట్టేసి, అట్టపెట్టెల మధ్య కూర్చుని అక్క ఏడ్చింది. కొంగుతో కాదు, చేతికి దొరికిన దుమ్ము గుడ్డతోనే మొహం తుడుచుకుంది. తర్వాత లేచి కుర్చీలో కూర్చుని, సగంలో ఆగిపోయిన పూలతీగ ఫైలు తెరిచింది. కొత్త మిషను బాగానే నడుస్తోంది. ఈ ఇంట్లో వైరున్న పని ఒకటి మొదటిసారి తనే, ఎవరి సాయమూ లేకుండా చేసింది. వింటే చిట్టి ఎంత మురిసిపోయేదో! ఆ సంగతి చిట్టికి ఎప్పటికీ తెలియకూడదు.