సలోమి చేతి చలువ

రోహిణి కార్తె యెండలు ఆ రేవుపట్టణమును పెనముమీది రొట్టెవలె మాడ్చుచు ఉప్పుగాలి సైతము వీచుట మఱచి గిడ్డంగుల రేకులు చిటచిటలాడ కాకులు నోళ్లు తెఱచి గోడనీడల నొదిగియుండగా అంగళ్లలోని వెన్నయంతయు మధ్యాహ్నమునకు ముందే నూనెయై పాత్రల యంచులు దాటి జాఱుచుండెను. అట్టి కాలమునందును తిమోతి రొట్టెల దుకాణపు గాజుబీరువాలో కేకులపై పూసిన చాక్లెట్టు క్రీము మాత్రము పూసినది పూసినట్లే నిగనిగలాడుచు సాయంకాలమువఱకు నిలిచి చూపఱులకు విస్మయమును తోడి వర్తకులకు అసూయను కలిగించుచుండెను.

తిమోతి లెక్క తెలిసిన మనుష్యుడు. వ్యాపారారంభమున అతని చేత నున్నవి దొరలు దేశము విడుచునపుడు వేలమున కొన్న యినుప పొయ్యి యొకటి, వెడల్పాటి పింగాణి పళ్లెములు కొన్ని, చెన్నపట్టణమునుండి వచ్చిన కోకోపొడి డబ్బాలు. ఇవి యెవరికైనను దొరకునవే. ఎవరికిని దొరకనిది అతని భార్యయైన సలోమి అరచేతుల చల్లదనము. మూలధనమును లెక్కించుకొను వేళ తిమోతి దానిని మొట్టమొదట లెక్కించుకొనెడివాడు.

ఆ క్రీము చేయుట చూచుటకు సులభము. వెన్నను చన్నీట మాటిమాటికి కడిగి పులుపు పోగొట్టి గుడ్డలో పిండి తడియార్చి పళ్లెమున వైచి మబ్బుతునకవలె తేలికపడువఱకు అరచేతితో మర్దింపవలెను. జల్లించిన చక్కెరపొడిని కొలదికొలదిగా చేర్చి కాగిన నీట ముద్దగా కలిపి పూర్తిగా చల్లార్చిన కోకోను పిమ్మట కలుపవలెను. కాని వెచ్చని చేయి తగిలిన వెన్న కరగును. పళ్లెము క్రింద మంచుగడ్డ నుంచిన చెమ్మపట్టి విఱిగిపోవును. తిమోతి తన చేతులతోను కూలివారి చేతులతోను ప్రయత్నించి చూచి విసిగినవాడు. సలోమి చేయి పెట్టినచో వెన్న మాఱుపలుకక లొంగెడిది.

అయితే ఆమె యెండకాలమునందును శాలువ కప్పుకొనెడిది. ముఖము ఉబ్బి కంఠము బొంగురువోయి తలవెండ్రుకలు దువ్వెనకు కుచ్చులుగా వచ్చుచుండెను. మెట్లపై కూర్చున్నది కూర్చున్నట్లే నిద్రించెడిది. ఒకనాడు ఆమె యక్క దీనమ్మ వచ్చి చూచి నడుమున చేయి పెట్టుకొని నిలిచెను.

"ఒసే, ఈ ఎండలో శాలువా ఏంటే? మనిషివా, మంచుగడ్డవా? లే, ఆసుపత్రికి పోదాం."

"ఆవిడది చలవ ఒళ్లు వదినగారూ, పుట్టుకతోనే అంత," అని తిమోతి నవ్వెను.

"ఆ చలవ మీ క్రీముకి మంచిది మరిదిగారూ. దానికి కాదు."

వైద్యురాలు పరీక్షించి గొంతులోని గ్రంథి పని మానినదనియు ప్రతిదినము మాత్ర మ్రింగవలెననియు మానినచో శరీరమంతయు మందగించి తుదకు గుండెయే నిలిచిపోవుననియు దంపతులిద్దఱి యెదుటను స్పష్టముగా చెప్పెను.

కొన్ని నెలలలో సలోమి వేఱొక స్త్రీ యయ్యెను. శాలువ మడతపెట్టి పెట్టెలో దాచెను. గుడిలో కీర్తనలు పాడువారి వరుసలో ముందు నిలిచెను. చేపలమ్మునామెతో బేరమాడి గెలిచి యింటికి వచ్చి ఆ బేరమంతయు అభినయించి చూపెను. ఆ యింట నవ్వు వినబడుట ఇరుగుపొరుగువారికే వింతయయ్యెను.

మాఘమాసము చివర ఎండలు ముదురుచుండగా ఓడసరకుల వ్యాపారి గాబ్రియేలుగారి కుమార్తె వివాహమునకు అంతస్తుల కేకును పళ్లెముల కొలది చిన్న కేకులును కావలెనని వర్తమానము వచ్చెను. తిమోతి ముందుగా కొంత క్రీము చేయించి చూచెను. అది కేకు ప్రక్కలనుండి మెల్లగా క్రిందికి దిగెను.

"ఏంటే ఇది, పాయసంలా కారిపోతోంది?"

"నన్నేం చెయ్యమంటారండీ? చేతులు వెచ్చబడ్డాయి," అని సలోమి ఫక్కున నవ్వి చేతులు తుడుచుకొని అతని చెంపలపై నుంచెను. "చూడండి. పెళ్లయ్యాక ఇదే మొదలు కదా మీకు నా చెయ్యి వెచ్చగా తగలడం."

ఆ వెచ్చదనము అతనికి తెలిసెను. తెలిసిన క్షణముననే అతడు దానిని నష్టముక్రింద కట్టెను.

"ఈ ఒక్క పెళ్లి అయ్యేదాకా మాత్రలు ఆపుదామే. తర్వాత మళ్లీ వేసుకుందువుగాని."

"డాక్టరమ్మగారు అన్నమాట మీరూ విన్నారుగా?"

"వాళ్లు అలాగే భయపెడతారు. ఇన్నేళ్లూ మాత్రల్లేకుండానే బతకలేదా నువ్వు?"

"బతికాననే అనుకున్నానండి," అని సలోమి జాఱిన క్రీమును పళ్లెములోనికి తిరిగి తీసెను. "చెయ్యి పనికిరాకపోతే ఈ ఇంట్లో నేనేం చెయ్యాలో కూడా నాకు తెలీదు. పోనీ, ఈ ఒక్క పెళ్లికే కదా." మాత్రల సీసాను తానే తెచ్చి అతని చేతికిచ్చెను. తిమోతి దానిని డబ్బుపెట్టెలో నుంచి తాళము వేసెను.

చేతులు చల్లబడుటకు ఆలస్యమయ్యెను గాని పెండ్లినాటికి చల్లబడెను. గాబ్రియేలుగారి పందిటిలో ఆ కేకు ఎండలోను చెక్కుచెదరక నిలువగా చూచినవారందఱును తమ యిండ్ల వేడుకలకు తిమోతినే పిలిచిరి. ఒక పెండ్లి ముగియులోపల మఱొకటి కుదిరెను. దాని తరువాత పెద్దపాదిరిగారి యింట శుభకార్యము. ఈ యొక్కటి గడిచినచో సీసా తీసి యిత్తునని తిమోతి ప్రతిమాఱు నిజముగానే అనుకొనెను. దీనమ్మ తన కుమార్తె పురిటికై పొరుగూరికి పోయి ఆ వేసవియంతయు అక్కడనే యుండుటచే సలోమి ముఖమును పరికించి యడుగువారు లేకపోయిరి. శాలువ మరల పెట్టెనుండి వెలికి వచ్చెను. పాట నిలిచెను. చేపలామె చెప్పిన ధరయే సలోమి యిచ్చుచుండెను.

మరల రోహిణి వచ్చెను. పాదిరిగారి యింట వేడుక నాటి యుదయమున సలోమి పళ్లెము ముందఱ కూర్చుండి తుది విడత క్రీమును మర్దించుచుండెను. కేకు పైయంతస్తులకు మాత్రమే క్రీము కావలసియుండెను. ఆమె చేయి మెల్లమెల్లగా తిరిగి నిలిచెను.

"ఏం, అయిపోయిందా?" అని తిమోతి పొయ్యియొద్దనుండి యడిగెను.

బదులు రాలేదు. అతడు వచ్చి భుజము తట్టెను. ఆమె కన్నులు సగము తెఱచియుండెను. ఊపిరి మిక్కిలి ఎడముగా వచ్చుచుండెను. తిమోతి పరుగున పోయి డబ్బుపెట్టె తెఱచి సీసా తెచ్చి మాత్రను ఆమె నోట నుంచెను. అది నాలుకపైనే నిలిచెను. మ్రింగుటకు ఆమెకు శక్తి లేకుండెను. బండి కట్టించి ఆసుపత్రికి చేర్చులోపల ఆమె చక్రవర్తుల వీథి మలుపునొద్ద తుదియూపిరి విడిచెను.

కబురంది దీనమ్మ వచ్చెను. చెల్లెలి ముఖమును చూచినంతనే ఆమెకు సంగతి తెలిసెను.

"మాత్రలేవి మరిదిగారూ?"

తిమోతి సీసాను చేతికిచ్చెను. దీనమ్మ దానిని ఒక్కమాఱు కదపి చూచి అతని చేతిలోనే పెట్టెను.

"జాగ్రత్తగానే దాచారు. ఒక్కటీ పాడవలేదు," అని చెప్పి చెల్లెలి తలవైపున కూర్చుండెను.

పాదిరిగారి యింటివారు ఈ వార్త యెఱుగక కేకుకై మనిషిని పంపిరి. ఆ మనిషి వాకిట నిలిచి పిలుచుచుండెను. తిమోతి వంటగదిలోనికి పోయెను. పళ్లెమునందు క్రీము విడిచినది విడిచినట్లే యుండెను. అంత వేడిలోను అది కరగలేదు. దాని నడుమ సలోమి వ్రేళ్లు అయిదును లోతుగా దిగిన చాళ్లు తిన్నగా తీర్చినట్లు కనబడుచుండెను. తిమోతి వానిని చాలసేపు చూచెను. కేకు పైయంతస్తులకు ఆ క్రీము సరిగా సరిపోవునని అతని కన్ను అతని ననుమతి యడుగకయే కొలిచెను.

అతడు కత్తి తీసికొని ఆ చాళ్లను సమముగా పూడ్చి క్రీమును కేకుపై నునుపుగా పూసి పంపెను.

సాయంకాలమువఱకు అది ఒక్కచుక్కయు జాఱలేదని వేడుకకు వచ్చినవారు వేనోళ్ల మెచ్చుకొనిరి. సలోమి ప్రాణమొడ్డి యిచ్చిన ఆ వేసవివలన తిమోతికి తుదకు మిగిలినది ఈ మెప్పు మాత్రమే.