పుచ్చిన ఎముకలు కావు

లారీలోంచి దించుతుంటే ఆ కుర్రవాడు అరవలేదు. అరవాలంటే ఊపిరి పీల్చాలి కదా. పక్కటెముకలు విరిగినవాడికి అదే పెద్ద శిక్ష. గోడౌన్లో మనిషికి రెండింతల ఎత్తున పేర్చిన సిమెంటు బస్తాలు వరసకి వరస కూలి అతని మీద పడ్డాయి. తోటి కూలీలు ఒళ్లంతా బూడిదరంగు దుమ్ముతో, ఊడదీసిన తలుపు చెక్క మీద అతన్ని పడుకోబెట్టి ఆస్పత్రి మెట్లెక్కారు. డ్యూటీకి వస్తున్న ఆమె గోడకి అతుక్కుని నిలబడింది. కుర్రవాడి కళ్లు ఒక్క క్షణం ఆమె మీద ఆగి, దాటిపోయాయి.

ఆమె పని పై అంతస్తులో. ప్రతి జబ్బుకీ, ప్రతి దెబ్బకీ ఒక కోడ్ ఉంటుంది. డాక్టరు రాసింది చదివి, ఆ కోడ్ కంప్యూటర్లో వెయ్యడమే ఆమె ఉద్యోగం. అలాంటివాళ్లు ఆ గదిలో డజను మంది. చెవులకి హెడ్‌ఫోన్లు, మనిషికీ మనిషికీ మధ్య అద్దం పలక. పొద్దుట వచ్చి సాయంత్రం వెళ్లేదాకా పలకరించే దిక్కు లేదు. ఇంటికెళ్తే అంతకన్నా లేదు. తల్లి పోయాక ఆ అద్దె గది గోడలకి ఆమె గొంతు ఎలా ఉంటుందో కూడా తెలియదు.

మధ్యాహ్నానికి ఆ కుర్రవాడి కాగితాలు ఆమె ముందుకొచ్చాయి. రొమ్ము ఎముక, పక్కటెముకలు, మెడ కింద వెన్నుపూస. అన్నీ విరిగాయి. ఛాతీ ఎముకలు, పైవెన్ను దెబ్బ తగిలి విరిగితే ఎస్ ఇరవై రెండు. దెబ్బ ఎలా తగిలిందో చెప్పడానికి ఇంకో కోడ్. పనిలో ఉండగా బరువు మీద పడింది. రెండూ వేసింది.

సూపర్‌వైజరు వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"గోడౌన్ వాళ్లకి ఎస్ వెయ్యం. ఎం ఎనభై వెయ్యి."

ఎం ఎనభై అంటే ఎముక గుల్లబారి, దానంతటదే విరిగిందని.

"మీసం కూడా సరిగ్గా మొలవలేదండి వాడికి. ఎముకలు గుల్లబారడమేమిటి?"

"ఎస్ వేస్తే పనిలో ప్రమాదమవుతుంది. నష్టపరిహారం గోడౌన్ మెడకి చుట్టుకుంటుంది. గోడౌన్ ఎవరిదో, ఈ ఆస్పత్రి ఎవరిదో నీకు తెలీదా?"

తెలుసు. రెండింటికీ యజమాని ఒకడే. విరగ్గొట్టే చెయ్యీ వాడిదే, కట్టు కట్టే చెయ్యీ వాడిదే.

"డాక్టరుగారు రాసిందే వేశాను. మార్చను."

"నువ్వు కాకపోతే ఇంకొకరు. వాడు ఇక్కణ్ణించి వెళ్లే రోజుకి మారిపోతుంది, చూస్తూండు."

అద్దాల వెనక తలలు వంచినవి వంచినట్టే ఉన్నాయి. పక్కసీటు అమ్మాయి మాత్రం టైపు చెయ్యడం ఆపింది. కాసేపాగి మళ్లీ మొదలుపెట్టింది.

ఆ సాయంత్రమే ఆమె కుర్చీని అట్టపెట్టెలు పడేసే కొట్లోకి మార్చారు. కంప్యూటరు లేదు, పని లేదు. ఆ తలుపు ముందుకి రాగానే అందరి నడకా వేగం పుంజుకునేది, లోపల అంటురోగం ఉన్నట్టు. భోజనాల దగ్గర ఆమె ఎదురుగా కూర్చోడానికి ఎవరికీ గుండె చాలలేదు. ఒంటరితనం ఆమెకి కొత్త కాదు. కానీ వెలి వేరు.

ఉండబట్టలేక ఒకరోజు వార్డుకి దిగింది. కుర్రవాడు మూలుగుతూ కునుకుతున్నాడు. మంచం పక్కన కూలీల ముఠా పెద్ద కూర్చుని ఉన్నాడు. బస్తాలు మోసి మోసి ఒక భుజం కిందికి జారిన మనిషి.

"ఎవరమ్మా నువ్వు?"

"పైన కోడర్ని."

"కోడలివా? ఎవరింటి కోడలివి?"

ఎన్నాళ్లకో ఆమెకి నవ్వొచ్చింది. "ఎవరింటి కోడల్నీ కాదు బాబాయ్" అని, తన పనేమిటో చెప్పింది. విరిగిన ఆ ఎముకలకి పైన ఏం పేరు పెట్టబోతున్నారో అదీ చెప్పింది.

పెద్దాయన కుర్రవాడి మీద దుప్పటి సర్దాడు.

"నా తమ్ముడి వెన్ను విరిగినప్పుడూ ఎముకలు పుచ్చాయన్నారు. నిజమే కామోసనుకున్నాం. కడుపునిండా పెట్టలేకపోయాను, అందుకే పుచ్చాయని మా మరదలు ఇప్పటికీ ఏడుస్తుందమ్మా."

మర్నాడు కూలీలంతా గోడౌన్ వెనక షెడ్డులో కూడారు. ఆమెనీ రమ్మన్నారు.

"యజమాని కాళ్ల మీద పడదాం. కరగకపోతాడా" అన్నాడొకడు.

"బండరాయి కరిగితే నీ కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటాను" అంది పెద్దాయన మరదలు.

"ఈవిడ మాట నమ్మి పని ఆపుదామా? ఈవిడకేం, ఒంటికాయ శొంఠికొమ్ము. మాకు పిల్లలున్నారు" అన్నాడింకొకడు.

ఆ మాట ఆమెకి తగలాల్సిన చోటే తగిలింది.

"నిజమే, నాకెవరూ లేరు. ఉద్యోగం పోతే ఇంత ముద్ద పెట్టేవాళ్లూ లేరు. అయినా వచ్చాను. నేనొక్కదాన్నీ మార్చనంటే ఇంకొకరి చేత మార్పిస్తారు. మీరెవరూ బస్తా ముట్టకుండా, మేమెవరమూ కోడ్ మార్చకుండా ఉంటే అప్పుడేం చేస్తారు?"

"మేమెవరమూ అంటున్నావు. మిగతావాళ్లేరమ్మా?" పెద్దాయన మెల్లగా అడిగాడు.

అయినా బస్తాలు ఆగాయి. కూలీలూ, వాళ్ల ఆడవాళ్లూ, వాళ్లతోపాటు ఆమె కూడా వెళ్లి ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నారు. దెబ్బని దెబ్బ అని రాయండి. పొద్దుటినుంచీ అదే మాట. పోలీసులొచ్చి ముందు ఆమెనే లేపారు. రోగుల రహస్యాలు బయటపెట్టిందని ఆస్పత్రివాళ్ల ఫిర్యాదు.

"మావాడి ఎముకల సంగతి మాకు చెబితే రహస్యమెలా అయింది?" అంటూ కూలీలు అడ్డం పడ్డారు. లాఠీలు లేచాయి.

వ్యాను ఎక్కుతూ ఆమె పైకి చూసింది. తోటి కోడర్లు కిటికీ వెనక వరసగా నిలబడి ఉన్నారు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

స్టేషన్లో బెంచీ మీద ఒక్కతే కూర్చుంది. ఇంటికి చెప్పుకోమని కానిస్టేబులు ఫోను చేతికిచ్చాడు. ఎవరికి చెయ్యాలో తోచలేదు. కాసేపు పట్టుకుని తిరిగిచ్చేసింది.

ఎండ వాలేవేళకి ఒకమ్మాయిని లోపలికి నెట్టారు. పక్కసీటు అమ్మాయి. వచ్చి ఆమె ఎదుట నిలబడింది.

"కుర్రవాడు పోయాడక్కా. ఊపిరందలేదు. ఎం ఎనభై వేసి ముగించెయ్యమని సూపర్‌వైజరు నా దగ్గరికొచ్చాడు. వెయ్యనన్నాను. నా నోట ఆ మాటెలా వచ్చిందో నాకే తెలీదు. పక్కనున్నతన్ని అడిగాడు. అతనూ వెయ్యనన్నాడు. గదంతా తిరిగాడక్కా. అందరం లేచి మెట్ల మీదికొచ్చేశాం."

ఆమె కళ్లముందు తలుపు చెక్క మీది ఆ మొహమే మెదిలింది. అతనితో ఒక్క మాటయినా మాట్లాడలేదు. ఇక మాట్లాడే వీలూ లేదు.

బయట ఇంకో వ్యాను ఆగింది. ముఠా పెద్ద, అతని మరదలు, సిమెంటు మరకల చొక్కాలు, మెడలో కార్డులు వేలాడుతున్న కోడర్లు కలగలిసి లోపలికొచ్చారు. వెనక మరో వ్యాను.

"ఇంతమందిని ఎక్కడ కూర్చోబెట్టను?" ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు.

"వీళ్లు మీరు పట్టుకొచ్చినవాళ్లు. పట్టుకురాకపోయినా వచ్చేవాళ్లు దారిలో ఉన్నారు. చోటు మీరే చూసుకోండి" అంది మరదలు.

ఆమె బెంచీ చివరికి జరిగింది. పక్కసీటు అమ్మాయి కూర్చుంది. ఆ పక్కన మరదలు కూర్చుంది. మిగతావాళ్లు నేల మీద చతికిలబడ్డారు.