పైపైన ఆరిన కాయిల్స్

మోటారు కాయిల్స్‌ను చెల్లెలు వార్నిష్‌లో ముంచేది. అక్క వాటిని వేడిగాలి ఓవెన్‌లో పెట్టి ఆరబెట్టేది. పంతొమ్మిదేళ్లుగా అదే వరస. ఇప్పుడు చెల్లెలి భర్తకు వేరే ఊళ్లో పని దొరికింది. ఇవాళ నాలుగింటి బస్సుకు చెల్లెలి ప్రయాణం.

నిన్న చెల్లెలు ఆఖరిసారిగా ముంచిన సరుకే ఇవాళ ఓవెన్‌లో ఉంది. అది ఆరేసరికి సాయంత్రం ఆరవుతుంది. ఆరిందని సూపర్‌వైజరు ఒప్పుకుంటే తప్ప అక్క గేటు దాటడానికి లేదు. కాలుగాలిన పిల్లిలా ఓవెన్ చుట్టూ తిరిగి తిరిగి, పదకొండింటికి వేడిని నూట ఇరవై నుంచి నూట అరవైకి పెంచేసింది. తొందరపడితే పైన పొర కట్టి లోపలి తడి లోపలే ఉండిపోతుందని కొత్తవాళ్లకు నూరిపోసింది తనే.

మూడింటికి తలుపు తీసి వేలితో తాకి చూసింది. ఏమీ అంటలేదు. హమ్మయ్య అనుకుంది. సూపర్‌వైజరు వేళ్లను నమ్మే రకం కాదు. ఒక కాయిల్‌ను కోసి విప్పాడు. లోపల వార్నిష్ బంకలా సాగింది.

తప్పెక్కడ జరిగిందని అడిగాడు. ఓవెన్‌దే అయితే ఇప్పుడే మళ్లీ ఎక్కించి, ఆరేదాకా ఆవిడే ఉండాలన్నాడు. ముంచడంలో తేడా అయితే సరుకు పక్కన పెట్టి రేపు చూద్దామన్నాడు.

మూడుంబావయింది.

"వార్నిష్ మరీ చిక్కగా పట్టినట్టుంది సార్," అంది అక్క. "ప్రయాణం హడావుడిలో ఉంది కదా, చూసుకోలేదేమో."

"పోతూ పోతూ బాగానే ఉద్ధరించింది మీ చెల్లెలు."

సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. మంచి పనిమంతురాలని, కొత్త ఫ్యాక్టరీలో చూపించుకోవడానికి చెల్లెలు రాయించుకున్న కాగితం. సంతకం చేసి పోస్టులో పంపుతానని మాటిచ్చాడట. అక్క కళ్లముందే దాన్ని నిలువునా చింపాడు. అక్క నోరు తెరిచింది. గోడగడియారం వైపు చూసింది. నోరు మూసుకుని చెప్పులేసుకుంది.

బస్సు ఇంకా కదల్లేదు. కిటికీలోంచి చెల్లెలు చెయ్యి చాచి అక్క చెయ్యి పట్టుకుంది.

"వస్తావనుకోలేదక్కా. ఆయన ఎలా వదిలాడు?"

"అడిగాను, వదిలాడు."

ఆ బండరాయి ఇన్నాళ్లకు కరిగిందన్నమాట అని చెల్లెలు నవ్వింది. "అయితే నా కాగితం కూడా నువ్వే అడిగి పంపించు. అది లేకపోతే అక్కడ గుమ్మం ఎక్కనివ్వరు."

"పంపిస్తాలే. ముందు చెయ్యి లోపల పెట్టుకో, బస్సు కదులుతోంది," అంది అక్క, ఆ చెయ్యి వదలకుండానే.